రంగుల పటంలో మన కొండలు

చదువు కోసమో పని కోసమో కొండ దిగి విశాఖ వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా హాస్టల్ తరఫున శుభాకాంక్షలు.

ఈ నగరానికీ ఖనిజానికీ ఉన్న బంధం మనకు రోజూ కనిపించేదే. బైలదిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండోల్ లైను మీద, మన అరకు మీదుగా పోర్టుకు వస్తుంది. దామన్‌జోడి అల్యూమినా ఇక్కడే ఓడ ఎక్కుతుంది. అయితే ఏ ఖనిజమైనా రైలెక్కడానికి చాలా ఏళ్ల ముందే ఒక పటంలోకి ఎక్కుతుంది. ఆ పటాన్ని చదవడం మనం నేర్చుకోవాలి. ఈరోజు మేము చెప్పదలచుకున్నది అదే.

ఖనిజం కోసం ముందుగా ఎక్కడ వెతకాలో చూపే పటాన్ని ఎలా తయారు చేస్తారు? మన ఏజెన్సీ బాక్సైట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. మొదటి పొర, ఏ రాయి ఎక్కడ ఉందన్నది. తూర్పు కనుమల్లో విరివిగా ఉండే రాయి పేరు ఖోండలైట్. అది ఖోండుల పేరు, అంటే మన కోదుల పేరు మీద శాస్త్రవేత్తలు పెట్టిన పేరే. ఈ రాయి యుగాల తరబడి వానకు నాని, కరిగేవన్నీ కొట్టుకుపోయి, అల్యూమినియం ఎక్కువగా మిగిలితే బాక్సైట్ అవుతుంది. అది బల్లపరుపుగా ఉండే కొండ నెత్తుల మీద ఏర్పడుతుంది. కాబట్టి రెండో పొర, ఎత్తూ వాలూ. మూడోది ఉపగ్రహ చిత్రం. నాలుగోది మట్టి నమూనాల పరీక్ష. ఒక్కో పొరకు మార్కులు వేసి, పొరలన్నీ ఒకదానిపై ఒకటి పేరుస్తారు. ఎక్కువ మార్కులు వచ్చిన చోటుకు ముదురు రంగు వేస్తారు.

ఆ రంగుకు అర్థం "ముందు ఇక్కడ వెతకండి" అని మాత్రమే. "ఇక్కడ తవ్వండి" అని కాదు. వెతుకులాటలో జీ-4 నుంచి జీ-1 వరకు నాలుగు దశలు ఉంటాయి. జీ-4 అంటే ప్రాథమిక పరిశీలన. జీ-1 అంటే దగ్గర దగ్గరగా డ్రిల్లింగ్ చేసి నిల్వను లెక్కగట్టడం. ఊరికి ఎవరైనా సర్వేకు వస్తే భయపడి పరుగెత్తకండి, అలాగని ఊరుకోనూ వద్దు. "ఇది ఏ దశ సర్వే? ఎవరు పంపారు? కాగితం చూపించండి" అని మర్యాదగా అడగండి.

ఇప్పుడు ఆ పటంలో లేనిదేమిటో చూడండి. గాలికొండ, రక్తకొండ, జెర్రెల కొండల్లో బాక్సైట్ ఉందని పటం చెబుతుంది. ఆ కొండ వాన నీటిని తాగి, వేసవిలో ఊటగా గెడ్డలోకి వదులుతుందని చెప్పదు. చోళ్లు, సామలు, వలిసెలు పండే పోడు, కాఫీ తోట, శంకుదేవుడిని కొలిచే చోటు, తాతముత్తాతల శ్మశానం ఏ పొరలోనూ ఉండవు. పటం గీసినవారు అబద్ధం ఆడలేదు. వారికి అప్పగించిన ప్రశ్న ఖనిజం గురించి మాత్రమే. మిగతా పొరలు మనం గీయాల్సినవి.

అవి ఎందుకు ముఖ్యమో మన చరిత్రే చెబుతుంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద 'సమత' సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని చెప్పింది. ప్రభుత్వ సంస్థలకు మాత్రం దారి మిగిలింది. 2015 నవంబరులో జీవో 97 ద్వారా చింతపల్లి, జెర్రెల అడవుల్లో 1,212 హెక్టార్లను ఏపీఎండీసీకి ఇవ్వజూపారు. ఊళ్లన్నీ కదిలాయి. 2019లో ఆ జీవో రద్దయింది. కానీ జీవో రద్దయితే పటం చెరిగిపోదు. ఖనిజం ధర పెరిగినప్పుడల్లా దాన్ని మళ్లీ బయటికి తీస్తారు.

కాబట్టి మన పటం కూడా సిద్ధంగా ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఆ బలం ఇచ్చింది. బావులు, శ్మశానాలు, పూజా స్థలాలు హక్కుకు సాక్ష్యాలని నియమాల్లోనే రాసి ఉంది. పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. పొరుగున ఒడిశాలోని నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. పన్నెండు గ్రామసభలు వద్దన్నాయి. తమ దేవుడి చోటు ఏదో, గెడ్డ ఎక్కడ పుడుతుందో ఆ ఊళ్లవారు చెప్పగలిగారు.

మీకు మేము అప్పగించే పని ఇది. ఈ సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు తాతనో అమ్మమ్మనో వెంటబెట్టుకుని ఊరి పొలిమేర నడవండి. ప్రతి ఊట దగ్గరా, ప్రతి పూజా స్థలం దగ్గరా ఫోన్‌లో లొకేషన్ గుర్తించండి. మన భాషలో ఆ చోటు పేరు రాయండి. గ్రామసభలో చదివి వినిపించి తీర్మానం చేయించండి, ఒక ప్రతి ఊళ్లో ఉంచండి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ పటాలు 'భూకోశ్' పోర్టల్‌లో ఉన్నాయి, మీ మండలం తెరిచి చూడండి. సైన్సు చదివేవాళ్లలో కొందరైనా ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ చేరండి. ఆ రాయికి మనవాళ్ల పేరు పెట్టారు. దాని గురించి మాట్లాడే గదిలో మనవాళ్లూ కూర్చోవాలి.