బ్రహ్మపుత్ర పాత త్రోవలు



ఏటియొడ్డున నివసించు పెద్దలకు ఏఱు కదలునని నేను చెప్పనక్కఱలేదు. గోదావరి లంకలలో ఒక వరదకు ఈ గట్టున తెగిన భూమి కొన్నియేండ్లకు ఆవలిగట్టున మేటయై లేచును. అంతట రెండు గ్రామములకు తగవు వచ్చును. పూర్వము అట్టి తగవులలో కరణపు లెక్కలు తీయించి, సరిహద్దు రాళ్లు వెదకించి, వృద్ధుల సాక్ష్యము విని తీర్పు చెప్పుచుండిరి. నేడు నేను మీకు విన్నవింపదలచినదియు అట్టి తగవే. అయితే యిందు కదలినది ఒక మహానది. కదలించినది కొండ. సాక్ష్యమిచ్చుటకు మనుష్యులెవ్వరును లేరు. ఇసుక యొక్కటియే కలదు.

ఆ నది బ్రహ్మపుత్ర. అది టిబెట్టున కైలాసప్రాంతమున పుట్టి, సాంగ్పో యను పేర హిమాలయములకు ఉత్తరపుప్రక్కన పదునాఱువందల కిలోమీటర్లకు పైగా తూర్పుగా ప్రవహించును. పిమ్మట 7,782 మీటర్ల నామ్చా బర్వా శిఖరమునకును, 7,294 మీటర్ల గ్యాలా పెరి శిఖరమునకును నడుమనున్న మహాగాధమైన లోయలో పడి దక్షిణమునకు మఱలును. అరుణాచలమున సియాంగు, అస్సామున బ్రహ్మపుత్ర, బంగ్లాదేశమున జమున యని పేర్లు మార్చుకొనుచు, గంగతో కలిసి బంగాళాఖాతమును చేరును.

టిబెట్టులోని సాంగ్పోయే అస్సాములోని బ్రహ్మపుత్రయా యను సంగతి పందొమ్మిదవ శతాబ్దమున తేలని ప్రశ్నయై యుండెను. ఆ లోయలోనికి పోయి చూచి వచ్చినవారు లేరు. 1880లో భారత సర్వే శాఖకు చెందిన కెప్టెన్ హార్మన్ ఒక లామాను, అతనికి తోడుగా సిక్కిము వాసియగు కింథప్ అనువానిని పంపెను. గుర్తులు పెట్టిన దుంగలను సాంగ్పోలో విడువవలెను. అవి అస్సామున తేలినచో రెండును ఒకే నదియని రుజువగును. ఇదియే ఉపాయము. త్రోవలో ఆ లామా కింథప్‌ను బానిసగా అమ్మివేసి తన దారిని తాను పోయెను. కింథప్ చదువురానివాడు. అయినను ఒప్పుకొన్న పని మఱువలేదు. తప్పించుకొని పోయి, ఒక మఠమున ఊడిగము చేయుచు, తీర్థయాత్ర నెపమున సెలవు పొంది, 500 దుంగలు కొట్టి దాచెను. వానిని విడుచు దినములను తెలుపుచు లాసానుండి జాబు వ్రాయించి పంపెను. చెప్పిన ప్రకారము దినమునకు 50 చొప్పున పదిదినములు నీటిలో విడిచెను. ఆ జాబు వేళకు చేరలేదు. హార్మన్ అప్పటికే దేశము విడిచి పోయియుండెను. దుంగలు వచ్చినవో లేదో చూచుటకు దిగువ గట్టున ఒక్కడును లేడు. 1884లో కింథప్ తిరిగివచ్చి చెప్పిన మాటలను నమ్మినవారు కొద్దిమంది. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అను ఇరువురు ఆ లోయను పరిశోధించిన పిమ్మటగాని అతని మాట చాలవఱకు నిజమని లోకమునకు తెలియలేదు.

ఈ కథ చదివినప్పుడెల్ల నాకు ఆ దుంగలే కన్నుల గట్టును. మనుష్యుడు అయిదువందల దుంగలకు గుర్తు పెట్టెను. ప్రకృతి యన్ననో, కొండలనుండి ఏఱు కొనివచ్చు ప్రతి రేణువునకును గుర్తు పెట్టియే పంపుచున్నది.

ఆ గుర్తు ఎట్టిదో చెప్పెదను. ఒకే మూలపదార్థపు పరమాణువులలో కొన్ని కొంచెము బరువుగను, కొన్ని తేలికగను ఉండును. గుణమొకటే, తూకము వేఱు. వీనికే ఐసోటోపులని పేరు. వానిలో కొన్ని నిలుకడ లేనివి. కాలక్రమమున మఱియొక పదార్థముగా మాఱును. యురేనియములో బరువైన రకము సగము సీసముగా మాఱుటకు 447 కోట్ల సంవత్సరములు పట్టును. కరగిన శిల చల్లారునప్పుడు జిర్కాను అను సన్ననిరేణువు పుట్టును. అది పుట్టునప్పుడు యురేనియమును లోనికి రానిచ్చును గాని సీసమును దాదాపు రానీయదు. కావున దానిలో నేడు కనబడు సీసము లోపల యురేనియము మాఱుటచే కలిగినదే. ఆ రెంటి పాలు లెక్కించినచో రేణువు వయస్సు తెలియును. ఇట్లే బురదలోని నియోడిమియము, స్ట్రాన్షియము అను లోహముల ఐసోటోపుల పాళ్లు, ఆ బురద పురాతనశిల అరిగి వచ్చినదో, భూగర్భమునుండి తరువాతికాలమున పైకివచ్చిన శిల అరిగి వచ్చినదో తెలుపును.

ఇక తగవులోనికి వత్తము. సాంగ్పోకు ఉత్తరముననున్న టిబెట్టు కొండల జిర్కానులు చాలభాగము 5 కోట్లనుండి 10 కోట్ల సంవత్సరముల వయస్సు గలవి. దక్షిణముననున్న హిమాలయశిలలలోనివి చాలభాగము 50 కోట్ల సంవత్సరములకు పైబడినవి. కావున సముద్రము దరి పాతమేటలలో ఉత్తరపు గుర్తుగల రేణువులు ఏ పొరయందు కనబడునో, ఆ కాలమునకు సాంగ్పో హిమాలయమును దాటి వచ్చుచుండెనని చెప్పవచ్చును. బంగ్లాదేశమున సిల్హెట్టు ప్రాంతపు పొరలను ఇట్లు పరీక్షించి, అనేక గుర్తులను కలిపి చూచి, సుమారు 1 కోటి 80 లక్షల సంవత్సరముల క్రిందటనే ఈ కలయిక జరిగినదని 2015లో పరిశోధకులు ప్రకటించిరి. అంతకు ముందు సాంగ్పో ఎటు పోయెను? బర్మాలోని ఐరావతి త్రోవను పోయెనని కొందఱందురు. బర్మా పాతమేటలలో అట్టి రేణువులు కలవు. అట్టి రేణువులను బర్మాలోని కొండలే ఇచ్చియుండవచ్చునని మఱికొందఱు ఎదురువాదము చేయుచున్నారు. సరిహద్దు రాయి ఒకటే యున్నను ఇరుపక్షములు దానిని తమదే యనుట మీరు ఎఱుగనిది కాదు.

రెండవ సాక్ష్యము ఇంతకంటె స్పష్టమైనది. అస్సామునకు దక్షిణమున షిల్లాంగు పీఠభూమి కలదు. మిక్కిలి వర్షమునకు పేరుపొందిన చిరపుంజి దాని అంచుననే యున్నది. నేడు బ్రహ్మపుత్ర ఆ పీఠభూమికి ఉత్తరముగా పడమటికి పోయి, దానిని చుట్టివచ్చి దక్షిణమునకు మఱలును. ఇది మొదటినుండి యిట్లు లేదు. భూమిలోపలి ఒత్తిడిచే ఆ పీఠభూమి మెల్లగా లేచి, నదిని ఉత్తరమునకును, పడమటికిని నెట్టివేసెను. హిమాలయపాదమునందలి పొరలు సాక్ష్యముగా, ఇది 49 లక్షలనుండి 52 లక్షల సంవత్సరముల క్రిందట జరిగినదని 2018లో తేల్చిరి. కొండ లేచిన వేగము ఏడాదికి వ్రేలిగోటి మందము కంటె హెచ్చు కాదు. అయినను అంత మహానది పట్టు విడిచి పక్కకు తొలగవలసి వచ్చెను.

ఈ బురద యంతయు తుదకు ఎక్కడ చేరినది? బంగాళాఖాతపు అడుగున. గంగాబ్రహ్మపుత్రల మేట మన తూర్పుతీరమునకు ఎదురుగా సముద్రగర్భమున సుమారు మూడువేల కిలోమీటర్లు పఱచుకొని, సింహళమును దాటి దక్షిణమునకు పోయియున్నది. 2015లో ఒక పరిశోధకనౌక 8వ ఉత్తర అక్షాంశమున ఏడుచోట్ల ఆ అడుగును తొలచి పొరలను వెలికితీసెను. మన పల్లెకారులు వలలు వేయు సముద్రమే హిమాలయమునకు కరణపు లెక్కల పెట్టె.

ఇదంతయు మనకేల యందురేమో. కొండ నేటికిని లేచుచునేయున్నది. 1950 ఆగస్టు 15న అస్సామున వచ్చిన మహాభూకంపమున కొండచరియలు విరిగిపడి సుబన్సిరి నదికి అడ్డుకట్ట వేసెను. కొన్ని దినములకు అది తెగి దిగువ గ్రామములను ముంచెను. 2025 జూలైలో చీనా ప్రభుత్వము సాంగ్పో మలుపునొద్ద బ్రహ్మాండమైన జలవిద్యుత్ నిర్మాణమును ఆరంభించెను. మనవైపునను ఆనకట్టల ఆలోచనలు సాగుచున్నవి. ఎవరు కట్టినను, ఆ నేల మీది నది త్రోవ శాశ్వతపు పట్టా కాదనియు, లేచుచున్న కొండతో అది కుదుర్చుకొన్న ఒడంబడిక యనియు తెలిసి కట్టవలెను.

నదుల పుట్టుపూర్వములు విచారింపరాదని పెద్దలందురు. గౌరవముతో చెప్పిన మాటయే అది. కాని గట్టున కాపురముండువారు విచారింపకున్న నష్టపడుదురు. కింథప్ దుంగలు వచ్చినప్పుడు చూచువాడు లేకపోయెను. ఇసుక దుంగలు నేటికిని వచ్చుచున్నవి. ఈసారియైనను గట్టున ఎవరో ఒకరు నిలిచి చూడవలెనని మనవి చేసి, సెలవు తీసికొనుచున్నాను.