సగటు ఒక్కటే చూసి విత్తనం కొనొద్దు
(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఖరీఫ్ దగ్గరపడితే చాలు, ఊరి సెంటర్లో ఫ్లెక్సీలు లేస్తాయి. "మా రకం వేస్తే ఎకరానికి సగటున నాలుగు బస్తాలు ఎక్కువ" అంటాయి. ఆ మాట నమ్మి మనం సంచికి అదనంగా డబ్బు పెడతాం. పంట తేడా కొడితే అప్పు మన నెత్తినే పడుతుంది. అందుకే ఆ నాలుగు బస్తాల తేడా విత్తనం వల్ల వచ్చిందా, పొలం వల్ల వచ్చిందా అని తేల్చుకోవడం మనకు తెలియాలి.

ఒక లెక్క చూద్దాం. మూడు వరి రకాలను రెండు ఊళ్లలో, రకానికి నాలుగు మడుల చొప్పున వేశారనుకుందాం. రెండు ఊళ్లలోనూ ఎకరానికి సగటు దిగుబడి ఒకటే: మొదటి రకం 28 బస్తాలు, రెండోది 30, మూడోది 32. సగటు మాత్రమే చూస్తే మూడో రకమే గెలిచింది.

ఇప్పుడు మడులవారీగా చూడండి. మొదటి ఊళ్లో మొదటి రకం 27, 28, 28, 29 పండింది. రెండోది 29, 30, 30, 31. మూడోది 31, 32, 32, 33. ఒకే రకం వేసిన మడుల మధ్య తేడా మహా అయితే రెండు బస్తాలు.

రెండో ఊళ్లో మొదటి రకం 20, 26, 30, 36. రెండోది 22, 27, 33, 38. మూడోది 24, 29, 35, 40. ఇక్కడ ఒకే విత్తనం ఒక మడిలో 24, ఇంకో మడిలో 40 పండింది. నీరు, చౌడు, ఎరువు, తెగులు ఇంత తేడా తెస్తుంటే, రకానికీ రకానికీ మధ్య కనిపించే నాలుగు బస్తాలను విత్తనం ఖాతాలో ఎలా రాస్తాం?

రకాల మధ్య తేడాను, ఒకే రకం మడుల మధ్య తేడాతో పోల్చడమే ఈ లెక్క. శాస్త్రవేత్తలు దీన్ని అనాలిసిస్ ఆఫ్ వేరియన్స్, పొట్టిగా అనోవా అంటారు. మొదటి తేడాను రెండో తేడాతో భాగిస్తే వచ్చే అంకె పేరు ఎఫ్. మొదటి ఊళ్లో అది 24, రెండో ఊళ్లో 0.34. ఇన్ని మడులున్న ప్రయోగంలో ఎఫ్ సుమారు 4.26 దాటితేనే తేడాను లెక్కలోకి తీసుకుంటారు. సగటులు ఒకటే అయినా తీర్పులు వేరయ్యాయి.

ఈ లెక్క పుట్టింది పొలంలోనే. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఎరువుల ప్రయోగాలు జరుగుతున్నాయి. 1919లో అక్కడ చేరిన రోనాల్డ్ ఫిషర్ ఆ దిగుబడుల పద్దులు తిరగేస్తూ ఈ పద్ధతిని రూపొందించాడు. 1925లో వచ్చిన అతని పుస్తకంతో అది లోకమంతా పాకింది. ఈనాటికీ మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు రకాలను ఇలాగే పరీక్షిస్తున్నాయి.

ఆ నివేదికల్లో పట్టిక అడుగున "సీడీ" అని ఒక అంకె ఉంటుంది. ఎఫ్ పరీక్ష నెగ్గాక, రెండు రకాల సగటుల మధ్య తేడా ఆ అంకెను దాటితేనే అది నిజమైన తేడా కింద లెక్క. మన మొదటి ఊళ్లో సీడీ సుమారు 1.3 బస్తాలు, రెండో ఊళ్లో 11 బస్తాలు. సీడీ బదులు "ఎన్ఎస్" అని ఉంటే తేడా రుజువు కాలేదని అర్థం. రకాలన్నీ సమానమని కాదు. ఇంకా ఎక్కువ మడుల్లో చూడాలని.

లెక్క ఎంత సరిగా ఉన్నా మడులు పంచడంలో మోసముంటే దండగే. కంపెనీ రకాన్ని కాలువ మొదట్లో, పోటీ రకాన్ని కాలువ చివర వేస్తే ఏ రకం గెలుస్తుందో వేరే చెప్పాలా? అందుకే ఏ మడికి ఏ రకమో చీటీలు వేసి తేల్చాలని ఫిషర్ పట్టుబట్టాడు.

కాబట్టి డీలర్ గానీ, కంపెనీ మనిషి గానీ సగటు చెప్పినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఎన్ని మడుల్లో, ఎన్ని ఊళ్లలో వేశారు? ఏ మడికి ఏ రకమో ఎలా తేల్చారు? మడులవారీ దిగుబడులు ఏవి? సీడీ ఎంత? ఒక్క రైతు పొలం ఫొటో చూపిస్తే అది ప్రచారమే. రుజువు కాదు.

ఇదే నియమం మనకూ వర్తిస్తుంది. విత్తనం దెబ్బతీసిందని అధికారుల దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక్క పొలం చూపిస్తే "మీ యాజమాన్యం బాగాలేదు" అని పంపేస్తారు. అదే లాటు విత్తనం వేసిన పొలాలు, అదే వారంలో, అదే నీటి కింద వేరే విత్తనం వేసిన పక్క పొలాలు కలిపి, దిగుబడులు రాసుకుని వెళదాం. బిల్లు, లాటు నంబరున్న సంచి దాచుకుందాం. అప్పుడు ఆ మాట తోసిపుచ్చడం అంత తేలిక కాదు.

ఈ సీజను నుంచే ప్రతి గ్రామ శాఖ ఒక నోటుబుక్కు పెట్టాలని కోరుతున్నాం. అందులో సగటు ఒక్కటే రాస్తే చాలదు, ప్రతి మడి దిగుబడీ రాయాలి.