తెరపై తెలుగు, బడిలో తెలుగు



1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రంలో చేరింది. ఎల్లలు మారినా ఇంటి మాట మారలేదు. 1995లో ఈటీవీ రాకతో ఆ మాటకు కొంత బలం చేకూరింది కూడా. నేడు మన పిల్లలు సినిమా సంభాషణలు తడబడక అప్పజెప్పగలరు. తెర అడుగున కదిలే వార్తను మాత్రం చదవలేరు. టీవీ వినిపిస్తుంది, అక్షరాలు దిద్దించదు గదా!

1996లో కృష్ణా జలాలు తెలుగుగంగ కాలువ గుండా తిరువళ్ళూరు చెంతనున్న పూండి జలాశయానికి చేరాయి. అందుకు 1983లోనే ఒప్పందం జరిగింది. 15 టీఎంసీలలో 3 దారిలో ఆవిరైపోతాయని ముందే లెక్క వ్రాసుకున్నారు. మన ఇళ్ళలో ఆవిరైపోతున్న అక్షరానికి అటువంటి లెక్క ఏదీ?

2006 చట్టం ఒకటవ తరగతి మొదలుకొని తమిళాన్ని తప్పనిసరి చేసింది. తమిళం మనకు అవసరమే. న్యాయవాదిగా నాకు మరీను. అయితే ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతున్నది. నోటి మాటతో అడిగితే దానికి సాక్ష్యం ఉండదు. జూన్‌లో బిడ్డను బడిలో చేర్చేటప్పుడు తెలుగు కావాలని అర్జీ వ్రాసి ఇవ్వండి. నకలుపై ముద్ర వేయించుకోండి. అర్జీ నమూనాలు తెచ్చాను, సభ ముగిశాక తీసుకొనగలరు.