శిక్షణ వేరు, శిక్ష వేరు

(తపాలా, రైల్వే శాఖా కార్యదర్శుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అమ్మకాల పనిలో ఉన్న ఉద్యోగులకు పనిచోటనే ఇచ్చే శిక్షణ, దాని ఫలితం అనే అంశాన్ని ఈనాటి తరగతికి నాకు అప్పగించారు. ఇది దుకాణాలకు, ప్రైవేటు కంపెనీలకు సంబంధించిన విషయం గదా, ఉత్తరాలు బట్వాడా చేసేవారికి, టిక్కెట్లు ఇచ్చేవారికి దీనితో ఏమి పని అని కొందరు మిత్రులు అనుకొనవచ్చు. అలా అనుకొనే రోజులు గడచిపోయాయి. నేడు బ్రాంచి పోస్టుమాస్టరు బీమా పాలసీలు కట్టించాలి, పొదుపు ఖాతాలు తెరిపించాలి, పేమెంట్స్ బ్యాంకు లావాదేవీలు జరపాలి. 2020లో రైల్వే జోన్లలోను, డివిజన్లలోను సరకు రవాణా పెంచుట కోసం వ్యాపారాభివృద్ధి యూనిట్లు ఏర్పడ్డాయి. వర్తకుడు గూడ్స్ షెడ్డుకు వచ్చేవరకు వేచియుండక, కమర్షియల్ సిబ్బందియే అతని వద్దకు వెళ్ళవలసిన పరిస్థితి వచ్చింది. ఏ పేరు పెట్టినా ఇది అమ్మకం పనియే.

ఈ మార్పు ఎంత త్వరగా వచ్చిందో గమనించండి. తపాలా జీవిత బీమా 1884 ఫిబ్రవరి 1న ప్రారంభమైంది. అది తపాలా ఉద్యోగుల సంక్షేమం కోసం ఏర్పడిన పథకం. 1888లో తంతి శాఖ వారికి, 1894లో ఆ శాఖల మహిళా ఉద్యోగులకు దానిని వర్తింపజేశారు. తన ఉద్యోగులకు తానే ఇచ్చే బీమాకు అమ్మకందారుతో పెద్దగా పని లేదు. 1995 మార్చి 24న గ్రామీణ తపాలా జీవిత బీమా వచ్చింది. 2017లో డాక్టర్లు, ఇంజనీర్ల వంటి వృత్తుల వారికి కూడ పాత పథకం తలుపులు తెరిచారు. 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు దేశమంతటా ఆరంభమైంది. ఒక శతాబ్దానికి పైగా బీమా కొనుక్కున్న ఉద్యోగి ఒక్క తరంలో బీమా అమ్మేవాడైనాడు. అతనికి ఆ విద్య నేర్పినవారు ఎవరు?

మన శాఖలకు అందుతున్న ఫిర్యాదులను బట్టి చూస్తే జరుగుతున్నది ఇది. ఒక పూట తరగతి, ఒక సర్క్యులరు, ఊరికి ఇన్ని పాలసీలని ఒక టార్గెటు, ఒక మేళా. ఆపైన వాట్సాప్ గ్రూపులో ఎవరు ఎంత వెనుకబడినారో తెలిపే పట్టిక. చివరకు సంజాయిషీ కోరుతూ మెమో. 2023 డిసెంబరు 12 నుండి గ్రామీణ డాక్ సేవకులు జరిపిన సమ్మె కోరికలలో ఈ వ్యాపార టార్గెట్ల ఒత్తిడి కూడ ఉన్నదంటే ఆశ్చర్యం లేదు.

కోచింగ్ అనగా ఏమి?

యాజమాన్యం వారు ఇటీవల వాడుతున్న మాట కోచింగ్. రైల్వే మిత్రులకు కోచింగ్ అంటే ప్రయాణికుల పెట్టెల వ్యవహారం, మన పిల్లలకు పరీక్షల కోచింగ్ సెంటరు. ఇక్కడ అర్థం వేరు. పని తెలిసినవాడు నేర్చుకొనేవాని ప్రక్కన నిలబడి, పని జరుగుచుండగా చూచి, ఆ వెంటనే మంచి చెడ్డలు మాట్లాడి, మరల చేయించి, కొంతకాలం తరువాత వచ్చి సరిచూచుటయే ఈ శిక్షణ.

ఇది మనకు కొత్తది కాదు. రైలు డ్రైవరు తనకు తెలియని సెక్షనులో ఒంటరిగా బండి నడుపడు. ముందు ఆ దారి తెలిసినవారితో పగలు, రాత్రి ప్రయాణం చేసి, సిగ్నళ్ళు, ఎగుడు దిగుడులు, మలుపులు నేర్చుకొని, దారి తెలిసినదని సంతకం చేసిన తరువాతనే బండి చేపడతాడు. దీనిని మనం రోడ్ లెర్నింగ్ అంటున్నాము. సర్క్యులరు చదివించి డ్రైవరును కొత్త సెక్షనుకు పంపే అధికారి ఉండడు. మరి ఒక పేద కుటుంబం పదేండ్లో, ఇరువదేండ్లో డబ్బు కట్టవలసిన ఒప్పందాన్ని చేయించుటకు ఉద్యోగిని పంపేటప్పుడు మాత్రం దారి నేర్పే పని లేదా?

ఫలితం ఉన్నదా?

ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940-45 నడుమ, అమెరికా ప్రభుత్వం పరిశ్రమలలో పని నేర్పే పెద్ద కార్యక్రమం నడిపింది. నేర్చుకొనేవానిని సిద్ధపరచుట, చేసి చూపుట, చేయించుట, తిరిగి వచ్చి చూచుట అనే నాలుగు మెట్లు దానికి ఆధారం. కార్మికునికి పని రాకపోతే నేర్పినవాడు నేర్పలేదని అర్థం అనే సూత్రం మీద అది నడిచింది. బాధ్యతను నేర్చుకొనేవాని నెత్తిన గాక నేర్పేవాని మీద ఉంచిన ఈ సూత్రం మనం గుర్తుంచుకొనవలసినది.

మనకు మరింత దగ్గరి సాక్ష్యం టెలిఫోన్ ఆపరేటర్లది. లియూ, రోజ్‌మేరీ బాట్ అనే పరిశోధకులు 42 కాల్ సెంటర్లలో 2,327 మంది ఆపరేటర్ల పనిని ఐదు నెలలపాటు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించారు. సూపర్‌వైజరు ఏ నెలలో ఏ ఆపరేటరుకు ఎంత శిక్షణ ఇచ్చినాడో దానిని అనుసరించి ఆ ఆపరేటరు పని కాలక్రమాన మెరుగుపడినట్లు తేలింది. అయితే యాజమాన్యాలు తమ ఉపన్యాసాలలో చెప్పని భాగం ఇంకొకటి ఉన్నది. ప్రోత్సాహకం వ్యక్తికి గాక బృందానికి ఇచ్చేచోట ఈ శిక్షణ ఎక్కువగా ఫలించింది. యంత్రం పనినంతా తానే శాసించేచోట, సాంకేతిక పద్ధతులు మాటిమాటికి మారేచోట తక్కువగా ఫలించింది. 2025లో దేశమంతటా తపాలా కార్యాలయాలు కొత్త సాఫ్ట్‌వేరుకు మారిన సంగతి మీకు తెలుసు. అటువంటి మార్పు సమయంలోనే అమ్మకాల టార్గెటు పెంచుట తగునా అని అడుగుటకు ఈ పరిశోధన మనకు ఆధారం.

అమ్మకాల ఉద్యోగుల విషయంలోనే 1997లో గ్రెగరీ రిచ్ అనే పరిశోధకుడు చూపిన అంశం వేరొకటి. మేనేజరు తాను స్వయంగా పని చేసి ఆదర్శంగా నిలచినప్పుడు అమ్మకందారులకు అతనిపై నమ్మకం కలుగుతుంది. వారి తృప్తికి, పనితీరుకు ఆ నమ్మకం పరోక్షంగా తోడ్పడుతుంది. ఎండలో తానొక్క గడప ఎక్కని అధికారి చేసే బోధ ఎందుకు తలకెక్కదో దీనివల్ల తెలుస్తున్నది.

మాట ఒకటే, పని రెండు

ఇక రెండవ ప్రక్క చూద్దాము. మన దేశంలో ఈ పద్ధతిని ఎక్కువగా ఎరిగినవారు మెడికల్ రిప్రజెంటేటివులు. వారి మేనేజరు వారితో కలసి డాక్టర్ల వద్దకు తిరుగుతాడు. అదే ప్రయాణం నేర్పుటకు ఉపయోగపడుతుంది, తప్పులు పట్టి నివేదిక వ్రాయుటకూ ఉపయోగపడుతుంది. అమ్మకాల ఉద్యోగులకు ప్రత్యేక సేవా నిబంధనల చట్టం 1976లో వచ్చింది. అమ్మకం తగ్గినదన్న నెపంతో ఉద్యోగానికి ముప్పు రాకూడదన్న ఆందోళన ఆ రంగంలో ఎంత పాతదో దీనివల్ల గ్రహించవచ్చు. ఆ చట్టం తరువాత 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడులో విలీనమైంది.

శిక్షణ పేరుతో ఒత్తిడి తెస్తే ఏమగునో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు లోకానికి చూపింది. ఒక్కొక్క ఖాతాదారుకు ఎనిమిది పథకాలు అంటగట్టాలని అక్కడ లక్ష్యం. ఆ ఒత్తిడి క్రింద ఉద్యోగులు ఖాతాదారులు అడుగని ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో ఆ బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అనుమతి లేకుండా తెరిచి ఉండవచ్చునన్న ఖాతాల సంఖ్య 2017 లెక్కలో 35 లక్షలకు చేరింది. సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. టార్గెటు పెట్టింది పైవారు. మొదట వేటు పడింది క్రిందివారి మీద.

రైల్వే మిత్రులు మరువరాని ఉదాహరణ జపానుది. అది అమ్మకం విషయం కాకున్నను శిక్షణ విషయమే. 2005 ఏప్రిల్ 25న అమగాసాకి వద్ద రైలు పట్టాలు తప్పి డ్రైవరుతో సహా 107 మంది మరణించారు. అక్కడ పొరపాటు చేసిన డ్రైవర్లను పునఃశిక్షణ పేరుతో బండి నుండి తప్పించి, అవమానకరమైన పనులు చేయించే పద్ధతి ఉండేది. ముందు స్టేషనులో బండి హద్దు దాటి ఆగిన విషయాన్ని గార్డు రేడియోలో తెలుపుచుండగా, శిక్ష పడునేమోనన్న భయంతో డ్రైవరు మనస్సు అటు మళ్ళి, మలుపు వద్ద బ్రేకు ఆలస్యమై ఉంటుందని విచారణలో అభిప్రాయపడినారు. భయం పెట్టి నేర్పిన విద్య అవసరానికి అక్కరకు రాదనుటకు ఇంతకన్న విషాద సాక్ష్యం ఉండదు.

గడప ముందు ఏమి నేర్పాలి?

మన పనికి తిరిగి వద్దాము. ఒక కొత్త బ్రాంచి పోస్టుమాస్టరు ఒక కౌలురైతు ఇంటికి గ్రామీణ బీమా గురించి చెప్పుటకు వెళ్ళినాడనుకొనండి. టార్గెటు తరుముతున్నప్పుడు అతడు ప్రపోజల్ ఫారం మీద సంతకం కోసమే చూస్తాడు. నెలకు ఇంత అని చెప్పి, మొదటి ప్రీమియం అవసరమైతే తన చేతినుండి వేసి, పని అయిందనిపిస్తాడు. పాలసీకి మూడేండ్లు నిండకముందు ఆరు నెలల ప్రీమియములు బాకీపడితే అది లాప్స్ అవుతుంది. కుటుంబానికి రక్షణ ఉండదు. కట్టిన డబ్బు పోయిందని ఊరివారు నిందించేది దూరాన ఉన్న అధికారిని కాదు, రోజూ ఎదురుపడే పోస్టుమాస్టరును.

అదే ఇంటికి అనుభవం గల సహోద్యోగి తోడు వెళ్ళితే ఏమి నేర్పును? ముందు పథకం చెప్పక, ఇంటికి డబ్బు ఏ నెలలో చేతికి వచ్చునో అడుగుమంటాడు. పంట మీద బ్రతికేవానికి నెలవారీ చెల్లింపు కంటె అర్ధ సంవత్సరపు చెల్లింపో, వార్షిక చెల్లింపో అనుకూలం కావచ్చునని చూపుతాడు. గ్రామ సురక్ష జీవితాంతపు బీమా అనీ, గ్రామ సంతోష్ గడువు తీరగానే డబ్బు చేతికిచ్చే పథకమనీ, గ్రామ ప్రియ పదేండ్లదనీ తేడా విడమరచి చెప్పే తీరు చూపుతాడు. మధ్యలో మానివేస్తే వచ్చే నష్టం ముందే చెప్పుమంటాడు. కట్టలేని కుటుంబమైతే వద్దని చెప్పి లేచి రావలెనని కూడ నేర్పుతాడు. తిరుగు దారిలో ఏ మాట బాగుండినదో, ఏ ప్రశ్నకు తడబడినాడో మాట్లాడుకుంటారు. మరుసటి ఇంట కొత్తవాడు మాట్లాడుతాడు, పాతవాడు వింటాడు. దీనికి ఒక రోజు పట్టవచ్చు. కాని ఆ రోజు కట్టిన పాలసీ నిలుస్తుంది.

అందుచేత పనితీరును కొలిచే కొలబద్ద మారవలసి ఉన్నది. మేళా నాటికి ఎన్ని ఫారాలు వచ్చాయన్నది లెక్క కాదు. ఏడాది తరువాత ఎన్ని పాలసీలు బ్రతికి ఉన్నాయన్నది లెక్క.

మన వైఖరి

శిక్షణను మనం అడిగితే టార్గెట్లను ఒప్పుకున్నట్లే గదా అని కొందరు మిత్రులు సందేహిస్తున్నారు. కాదు. నేర్పకుండ అడుగుట అన్యాయమని చెప్పుటకే మనం శిక్షణ కోరుతున్నాము. నైపుణ్యం కార్మికుని ఆస్తి. దానిని నిరాకరించి మనం బాగుపడము. పైగా బ్యాంకు శాఖ లేని ఊరిలో పేదవానికి నిజాయితీ గల బీమా, పొదుపు అందించుట ప్రజాసేవ. ఆ సేవ చక్కగా సాగితేనే పోస్టాఫీసు నిలుస్తుంది, మన ఉద్యోగమూ నిలుస్తుంది.

కావున శాఖలు ఈ కోరికలను చర్చించి తీర్మానాలు పంపవలెనని కోరుచున్నాను.

ఒకటి: శిక్షణ డ్యూటీ గంటలలోనే జరగాలి. నాలుగైదు గంటల పనికి లెక్కగట్టిన భత్యంతో బ్రతికే గ్రామీణ డాక్ సేవకుడు గడప గడపకు తిరిగే కాలాన్ని కూడ పనిభారంలో లెక్కించాలి.

రెండు: నేర్పేవారిని అదే పని చేసిన అనుభవజ్ఞుల నుండి ఎన్నుకొనాలి. వారికి అందుకోసం సమయం, ప్రయాణపు ఖర్చు ఇవ్వాలి.

మూడు: శిక్షణలో వ్రాసుకున్న లోపాలు క్రమశిక్షణా చర్యకు ఆధారం కారాదు. నేర్పే చేయి, ఛార్జిషీటు ఇచ్చే చేయి ఒకటి కారాదు.

నాలుగు: ప్రోత్సాహకంలో బృందానికి భాగముండాలి. పాతవాడు కొత్తవానికి నేర్పితే తన కమీషను తగ్గునేమోనన్న భయం ఉండరాదు.

ఐదు: పథకాల వివరాలు ప్రాంతీయ భాషలలో, ఖాతాదారుకు చదివి వినిపించదగిన తెలుగులో అందజేయాలి.

యాజమాన్యం అంగీకరించేవరకు చేతులు ముడుచుకొని కూర్చొనవలసిన పని లేదు. ప్రతి శాఖలోను చక్కగా పని తెలిసిన ఇద్దరు ముగ్గురు ఉంటారు. నెలవారీ సమావేశంలో ఒక గంట వారికి కేటాయించండి. కొత్తగా చేరిన యువతీ యువకులను వారి ప్రక్కన కూర్చొనబెట్టండి. మెమో అందిన సభ్యుడు యూనియను ఆఫీసుకు వచ్చినప్పుడు సమాధానం వ్రాసి పంపుటతో మన బాధ్యత తీరదు. అతనికి ఆ పని ఎవరు, ఎప్పుడు, ఎన్ని గంటలు నేర్పినారని అడిగి, ఆ జవాబును సమాధానంలో వ్రాయించండి. అటువంటి జవాబులు వందల కొలది ఒకచోట చేరిననాడు, చర్చల బల్ల వద్ద మన మాటకు వాటిని మించిన బలం ఉండదు.

శిక్షణ మన హక్కు. శిక్షణ పేరుతో శిక్షను మాత్రం అంగీకరించము. ఈ రెంటి తేడాను ప్రతి ఆఫీసులోను, ప్రతి షెడ్డులోను వివరించి చెప్పవలసిన బాధ్యత మీదని గుర్తుచేస్తూ, ఇంతటితో ముగిస్తున్నాను. మీ ప్రశ్నలకు ఇక సమయం కేటాయిద్దాము.