కాకిబంగారు మెఱుగు

(ఒక పఠనాలయమున గావించిన యుపన్యాసము)



అలంకారములను గూర్చి ముసలివాడు నోరు విప్పినంతనే యువజనులు చెవులు మూసికొందురు. వారి తప్పేమియు లేదు. మా తాతలు మా తండ్రుల క్రాపింగు జుట్టును జూచి కొంప మునిగినట్లు వగచిరి. మేము మీ చినిగిన జీన్సు లాగులను జూచి యట్లే వగచుచున్నాము. స్త్రీల సింగారమును నిందించుటకు నేనిట నిలువలేదు. పురుషులును నేడు అద్దమును విడుచుట లేదు.

అయినను విసుగు విసుగే. ఒకప్పుడు కనుబొమలు దారమువలె సన్నముగా నుండవలెననిరి. మఱియొకప్పుడు గొంగళిపురుగువలె దట్టముగా నుండవలెననిరి. మా తల్లులు మొగమున జిడ్డుమెఱుపు కనబడకుండుటకై పౌడరు నద్దుకొనెడివారు. నేడు పౌడరుతో ఆ మెఱుపును పోగొట్టి, పిమ్మట వేఱొక మెఱుపును డబ్బిచ్చి కొని చెక్కిళ్లకు పూసికొనుచున్నారు! ఇందు లాభమెవ్వరిదో చెప్పనక్కఱలేదు. వీధిభాగవతులును మొగమున అర్దళము పూసికొనెడివారే. కాని తెల్లవాఱగనే కడిగికొనెడివారు.

మొన్న మా తమ్ముని మనుమరాలి పెండ్లి జరిగినది. కల్యాణవేదికపై విద్యుద్దీపముల వెలుగున ఆ బిడ్డ ముక్కును చెక్కిళ్లును తోమిన చెంబువలె తళతళలాడుచుండెను. "ఏమమ్మా యిది?" యని యడిగితిని. "హైలైటరు, తాతా!" యని పిదప నొక చిన్న డబ్బీ తెచ్చి నా చేతికిచ్చినది. దాని వెనుక సన్నని యక్షరములలో 'మైకా' యని యుండెను. నాకు నవ్వు వచ్చినది.

మైకా యనగా అభ్రకము. మన యిండ్లలో దాని పేరు కాకిబంగారము. నా బాల్యము గూడూరు ప్రాంతమున గడచినది. అచ్చటి అభ్రకపు గనులు ప్రసిద్ధములు. బడినుండి వచ్చునపుడు బాటప్రక్కన దొరకిన పలుకులను గోటితో పొరలు పొరలుగా నొలిచి, ఎవని పొర పలుచనిదో యని పందెములు వేసికొనెడివారము. ఆ పొరలే వెలుతురును త్రిప్పికొట్టును. వానిని మెత్తగా నూఱి, టైటానియము డయాక్సైడు పూత యిచ్చినచో ముత్యపు నిగ్గు వచ్చును. హైలైటరులోను, కనుఱెప్పల రంగులలోను, పెక్కు లిప్‌స్టిక్కులలోను గల తళుకునకు మూలమిదియే.

మాకది యాట. జార్ఖండు రాష్ట్రమున కొడర్మా, గిరిడీ జిల్లాల బిడ్డలకది కూలి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము పిమ్మట అచ్చటి గనులు పెక్కు మూతపడినవి. మూతపడుట కాగితముపైననే. బీదలు ఆలుబిడ్డలతో పాతగోతులలో దూఱి తునుకలేఱి, దళారి యిచ్చిన ధరకు అమ్ముకొనుచు వచ్చిరి. 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషను వారు విచారింపగా, రెండు నెలలలో కనీసము ఏడుగురు పిల్లలు ఆ గోతులలో మరణించిరని తేలినది. పని చట్టవిరుద్ధమగుటచే కన్నవారు బిగ్గఱగా ఏడ్చుటకైనను నోచుకొనలేదు. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషను లెక్క 2019లో పత్రికల కెక్కినది: జార్ఖండు అభ్రకసీమలో 6 మొదలు 14 ఏండ్ల వయసు గలవారు 4,545 మంది బడికి పోవుట లేదు.

విదేశవస్త్రమునువలె దీనిని తగులబెట్టుడని చెప్పుట సులువు. నేను చెప్పజాలను. కొలిమిలో తయారగు కృత్రిమాభ్రకము నేడున్నది. కాని అందఱును దానివైపు మఱలినచో ఆ తునుకలేఱు కుటుంబముల కంచములలో మెతుకు లెచ్చటివి? సక్రమముగా గనుల ననుమతించి, పెద్దలకు తగిన కూలి యిచ్చి, పిల్లలను బడికి పంపుటయే దారియని నా యభిప్రాయము. 2017లో కొన్ని కంపెనీలు బాధ్యతాయుతమైన అభ్రకసేకరణకై యొక సంఘముగా నేర్పడినవి. మంచిదే. కొనువారు అడుగుచుండిననే అమ్మువారు కదలుదురు.

కావున డబ్బీని త్రిప్పి చదువుడు. 'మైకా' యని కాని, 'సి.ఐ. 77019' అని కాని యుండును. ఇది యే గనినుండి వచ్చినది, ఎవరు త్రవ్విరి అని కంపెనీకి జాబు వ్రాయుడు. మా మనుమరాలు పెండ్లియైన వారమునకే వ్రాసినది. ఇంకను బదులు రాలేదు. రెండవ జాబు వ్రాయుచున్నది.