విందు భోజనానికి గూడ్సుబండి

భోజనాల వేళకు ముందు మైకు చేతికిస్తే ఎవరైనా క్లుప్తంగానే మాట్లాడాలి. కనుక తిండి గురించే మాట్లాడతాను.

మన విందుల్లో వండినవారిని మెచ్చుకుంటాం, వడ్డించినవారిని మెచ్చుకుంటాం, పులిహోరలో ఉప్పు తగ్గితే ఫుడ్ కమిటీని తిడతాం. (ఆ తిట్లు చాలాకాలం తిన్నవాణ్ణి.) సరుకు మోసుకొచ్చిన గూడ్సుబండిని మాత్రం ఎవరం తలచుకోం.

పులిహోర తాలింపులో చిటపటలాడే ఆవాలు చూడండి. ఆవాలు ఎగుమతి చేసే దేశాల్లో కెనడాది ముందువరుస. ఇక్కడి పంటలో ఎక్కువ భాగం సస్కాచువాన్‌దే. మనం ఎర్రపప్పు, మైసూరుపప్పు అని పిలుచుకునే గింజల ఎగుమతిలోనైతే కెనడాది మొదటి స్థానం. 1970ల మొదట్లో ఇక్కడ ఆ పంట దాదాపు లేదంటే నమ్ముతారా? సస్కాచువాన్ విశ్వవిద్యాలయంలో ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త 1978లో 'లెయిర్డ్' అనే ఆకుపచ్చ రకాన్ని విడుదల చేశాక రైతులు అందిపుచ్చుకున్నారు. ఎర్ర రకాలు తరువాత వచ్చాయి. మీరు టొరంటోలో వండుకునే ఎర్రపప్పూ, గుంటూరులో మీ అమ్మగారు వండే ఎర్రపప్పూ పక్కపక్క పొలాల్లో పండి ఉండవచ్చు.

అయితే సస్కాచువాన్‌కు సముద్రం లేదు. రైతు గింజలను ఎలివేటర్‌కు తోలితే అక్కడ హాపర్ వ్యాగన్లలో నింపుతారు. ఒక్కో వ్యాగన్‌లో సుమారు 90 టన్నులు. వంద వ్యాగన్ల బండి అంటే 9,000 టన్నులు. రాకీ పర్వతాలు దాటి, ఫ్రేజర్ లోయ గుండా వాంకూవర్ రేవుకు పోవాలి. ఆ లోయలో నదికి అటొక లైను, ఇటొక లైను. పోటీ కంపెనీలే అయినా ఒప్పందం చేసుకుని, పడమటికి పోయే బండ్లను సీఎన్ పట్టాల మీద, తూర్పుకు వచ్చేవాటిని కెనడియన్ పసిఫిక్ పట్టాల మీద నడుపుతున్నాయి. తోడికోడళ్ళు ఒకే వంటింట్లో సర్దుకున్నట్టు!

2021 నవంబరు నడుమ కుంభవృష్టికి ఆ రెండు లైన్లూ ఒకేసారి తెగిపోయాయి. హైవేలూ కొట్టుకుపోయాయి. వారానికి పైగా వాంకూవర్‌కు తూర్పునుంచి బండి రాలేదు. అప్పుడు మాది కార్తీకమాసపు సమారాధన. కందిపప్పు టొరంటో నుంచి వస్తుందన్న దుకాణదారు చేతులెత్తేశాడు. కంది కెనడాలో పండే పంట కాదు. ఓడలో వచ్చి, మళ్ళీ రైలెక్కాలి. షాపులో మిగిలిన ఎర్రపప్పుతోనే సాంబారు కాచాం. ఒక పెద్దాయన రెండోసారి వడ్డించుకుని, "ఇది సాంబారు కాదురా, పప్పుచారు" అన్నారు. నిజమే.

వరద దేవుడి చేతిలో ఉంది. 2024 ఆగస్టు 22న మాత్రం సీఎన్, సీపీకేసీ రెండూ ఒకేసారి కార్మికులకు లాకౌట్ ప్రకటించాయి. సుమారు 9,300 మంది. ప్రభుత్వం ఆ రోజే మధ్యవర్తిత్వానికి ఆదేశించింది కనుక బండ్లు త్వరగానే కదిలాయి. పేపర్లలో నష్టాల లెక్కలే ఎక్కువ కనిపించాయి. తగాదాలో ముఖ్యమైన అంశం విశ్రాంతి, పని వేళలు అని చాలామందికి తెలియదు.

నాకు తెలిసింది మా ఊరి కుర్రాడి వల్ల. గూడ్సుబండిలో కండక్టరు. ఫోను మోగితే రెండు గంటల్లో డ్యూటీకి వెళ్ళాలి, అర్ధరాత్రైనా సరే. ఈ సభకు ముందే టిక్కెట్టు కొన్నాడు. నిన్న రాత్రి ఫోను చేసి, "బాబాయ్, డ్యూటీ పడింది, నా భోజనం కూపను ఎవరికైనా ఇచ్చెయ్యి" అన్నాడు. అది నా జేబులోనే ఉంది. కావలసినవారు భోజనాల దగ్గర నన్ను కలవండి.