‘ఐన్’ అక్షరం – మన పేర్లు, మన లిపి

(ఉర్దూ ఉపాధ్యాయులు, విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్.



ఇప్పుడు నేను చేసిన సలాములో ‘అలైకుమ్’ అనే మాట ఏ అక్షరంతో మొదలవుతుందో, ఆ అక్షరమే నేటి నా ప్రసంగ విషయం. దాని పేరు ‘ఐన్’. అరబీ వర్ణమాలలో అది పద్దెనిమిదవ అక్షరం. అబ్దుల్లా, ఆయిషా, ఇమ్రాన్, ఉమర్, ఉస్మాన్ అనే పేర్లకు తొలి అక్షరం అదే. ఈద్, ఇబాదత్, ఇల్మ్ అనే మాటలకూ అదే. తెలుగులో రాసినప్పుడు ఇవి అ, ఆ, ఇ, ఈ, ఉ అనే వేర్వేరు అచ్చులతో మొదలవుతాయి. మూలంలో మాత్రం వీటన్నిటికీ ఆధారం ఒకే హల్లు. ఆ హల్లు తెలుగు లిపిలో లేదు, ఇంగ్లీషు లిపిలోనూ లేదు. ఈ చిన్న లోటు మన ఇళ్లలో ఎంత పెద్ద ఇబ్బందిగా మారుతున్నదో చెప్పడానికి ముందు, ఈ అక్షరం చరిత్రను కొంత మనవి చేస్తాను.

‘ఐన్’ అంటే కన్ను. మన పెద్దలు కళ్లద్దాలను ‘ఐనక్’ అనడం ఈ మాటనుంచి వచ్చినదే. అరబీలో దీనికి నీటి ఊట అనే అర్థం కూడా ఉంది. మన సోదరులెందరో ఉపాధి కోసం వెళ్లే ఎమిరేట్స్‌లోని ‘అల్ ఐన్’ నగరానికి ఆ పేరు ఊటల వల్లనే వచ్చింది.

1905లో ఫ్లిండర్స్ పెట్రీ అనే పురాతత్వవేత్త సినాయ్ ద్వీపకల్పంలోని సెరాబిత్ అల్ ఖాదిమ్ అనే చోట, ఫిరోజా రాళ్ల గనుల వద్ద కొన్ని శాసనాలను కనుగొన్నాడు. అవి 3,500 సంవత్సరాలకు పైబడిన రాతలు. 1916లో అలన్ గార్డినర్ అనే పండితుడు వాటిలో పదేపదే కనిపించే నాలుగు గుర్తులను కలిపి చదివాడు. ఇల్లు, కన్ను, ములుకోల, అడ్డగీతల గుర్తు: ఈ నాలుగూ కలిస్తే ‘బఅలత్’, అంటే యజమానురాలు అనే సెమిటిక్ పదం. ఆ లిపి చిక్కుముడి విప్పిన మాటలో రెండవ అక్షరం మన ఐన్. అప్పుడది అచ్చంగా కన్ను బొమ్మ.

తరువాత ఫినీషియన్లు ఆ బొమ్మను ఒక సున్నాగా కుదించారు. వారి నుంచి అక్షరాలు నేర్చుకున్న గ్రీకులకు ఈ కంఠధ్వని లేదు. అందుచేత వారు ఆ సున్నాను ‘ఒ’ అనే అచ్చుకు వాడుకున్నారు. ఇంగ్లీషులోని ‘ఓ’ అక్షరం ఆ వంశానిదే. మరోవైపు అరామిక్ లిపిలో ఆ సున్నా పైభాగం తెరుచుకుంది. అరామిక్ నుంచి నబతీయ లిపికి, అక్కడి నుంచి అరబీకి చేరి నేటి ఐన్ రూపం ధరించింది. ఇథియోపియా లిపిలో ఐన్ నేటికీ గుండ్రంగానే ఉంది. అక్కడి అమ్హారిక్ భాషలో ధ్వని పోయినా అక్షరం నిలిచింది. హీబ్రూలో ‘అయిన్’ ఉంది. యెమెన్ యూదులు దానిని కంఠంతో పలకడం కాపాడుకున్నారు. అరబీలోనూ హీబ్రూలోనూ దీని సంఖ్యా విలువ ఒకటే: 70.

8వ శతాబ్దంలో బస్రా నగరంలో ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అనే మహాపండితుడు తొలి అరబీ నిఘంటువుకు రూపకల్పన చేశారు. అక్షరాలను అవి పుట్టే స్థానాన్ని బట్టి, కంఠం నుంచి పెదవుల వరకు వరుసగా పేర్చారు. మన తెలుగు హల్లులు కూడా కంఠ్యాలతో మొదలై పెదవుల వైపు సాగుతాయి కనుక ఈ పద్ధతి మనకు సులభంగా బోధపడుతుంది. ఆయన ఆ వరుసలో మొదట నిలిపింది ఐన్‌ను. అందుకే ఆ గ్రంథానికి ‘కితాబుల్ ఐన్’ అని పేరు.

దివ్య ఖుర్ఆన్ పఠించేవారికి ఈ అక్షరం ప్రాముఖ్యం వేరుగా చెప్పనవసరం లేదు. ‘అలీమ్’ అనే మాటను ఐన్‌తో పలికితే ‘సర్వం తెలిసినవాడు’ అని అర్థం. అలిఫ్‌తో పలికితే ‘బాధాకరమైనది’ అని అర్థం. రెండు మాటలూ ఖుర్ఆన్‌లో ఉన్నాయి. తెలుగులో రాస్తే రెండూ ఒక్కటే. మాట మధ్యలో వచ్చే ఐన్ కోసం మన తెలుగు ఇస్లామీయ రచయితలు ఒక ఉపాయం కనిపెట్టారు. దుఆ, తఆలా, షరీఅత్, జమాఅత్ అని పదం నడుమ అచ్చును విడిగా నిలిపారు. ఇది మెచ్చదగిన ఉపాయమే. మాట మొదట వచ్చే ఐన్‌కు మాత్రం అది ఉపకరించదు. అందుకే తెలుగు లిప్యంతరీకరణ ఆధారంగా మాత్రమే ఖుర్ఆన్ నేర్చుకునే పిల్లలు, ఒక్క అక్షరంతో అర్థం మారిపోయే చోటును గుర్తించలేరు.

సోదరులారా! ఐన్ పరాయి అక్షరమని ఎవరైనా అంటే, వారి నోటనే దానిని చూపించవచ్చు. రైతు, జమ, అమలు, అర్జీ, దావా, వాయిదా, ఇనాము, మామూలు, తాలూకా: ఈ మాటలన్నిటి అరబీ మూలాల్లో ఐన్ ఉంది. పారశీకం, ఉర్దూల ద్వారా ఇవి తెలుగులోకి వచ్చి, తెలుగు నేలలో కలిసిపోయాయి. ‘రైతు’ కంటే తెలుగైన మాట మరేదని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

ఇక మన ఇబ్బంది విషయానికి వస్తాను. ఒకే బాలిక పేరు బడి రిజిస్టరులో ‘ఆయిషా’, రేషన్ కార్డులో ‘అయేషా’, ఆధార్‌లో ‘ఐషా’ అని ఉంటుంది. ఉర్దూలో రాస్తే అది ఒకే పేరు, ఒకే వర్ణక్రమం. తండ్రి ఒకచోట ఉమర్, మరొకచోట ఓమర్. విన్నవారు విన్నట్లు రాశారు. అందులో చాలావరకు దురుద్దేశం లేదు. అయినా ఉపకార వేతనానికో, పింఛనుకో, ఓటరు జాబితాకో వెళ్లినప్పుడు ఆ తేడాను వివరించే భారమంతా మన తలపైనే పడుతుంది. రోజు కూలి మానుకొని కార్యాలయాల చుట్టూ తిరగవలసింది మన తల్లులే.

కాబట్టి మూడు పనులు చేద్దామని కోరుతున్నాను.

మొదటిది: బిడ్డ పుట్టగానే పేరును ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒకే కాగితంపై రాసి నిర్ణయించండి. ప్రతి దరఖాస్తులోనూ ఆ వర్ణక్రమాన్నే వాడండి. జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. ఆ తేదీనుంచి పుట్టినవారికి బడిలో చేరిక, ఓటరు నమోదు మొదలైనవాటికి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో తప్పు దొర్లితే సరిదిద్దమని రిజిస్ట్రారును కోరే అవకాశం చట్టంలో ఉంది. ఆలస్యం చేయకండి.

రెండవది: పిల్లలకు ఉర్దూ లిపి నేర్పించండి. రాజ్యాంగం 29వ అధికరణం భాషతోపాటు ‘లిపి’ని కూడా ప్రత్యేకంగా పేర్కొని, దానిని కాపాడుకునే హక్కును ఇచ్చింది. 350–ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన సదుపాయాలు కల్పించమంటున్నది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తిస్తూ చట్టాలు చేశాయి. మీ ఊరి బడిలో ఉర్దూ ఉపాధ్యాయుని స్థానం ఖాళీగా ఉంటే, ఈ చట్టాలను పేర్కొంటూ లిఖితపూర్వకంగా అర్జీ పెట్టండి. మౌఖికంగా అడిగినది మరుగున పడుతుంది, కాగితం నిలుస్తుంది.

మూడవది: మక్తబ్‌లలో బోధించే గురువులు కంఠాక్షరాలపై ప్రత్యేక శ్రద్ధ వహించాలి. ఇంట్లో తల్లికి ఐన్ తెలిస్తే, బిడ్డకు బడికి వెళ్లకముందే అది అలవడుతుంది. అందువల్ల బాలికల చదువును ముందుంచండి.

గనుల్లో చెమటోడ్చిన శ్రామికుల లోకంలో కన్ను బొమ్మగా పుట్టిన అక్షరమిది. సామ్రాజ్యాలు గతించాయి, ఇది నిలిచింది. తరం తరువాత తరం పిల్లల చేత దిద్దించినందువల్లనే నిలిచింది. మన తరం వంతు మనం నెరవేర్చుదాం.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన ఇల్మ్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.